అన్నయ్య ఆగిన చోటు

కార్ల్స్‌రూహె,
9 మార్చి 2025

సుభద్ర వదినగారికి,

ఉత్తరం చూసి, అందులో 'గారు' చూసి ఆశ్చర్యపోకండి. దగ్గరివాళ్ళని నువ్వు అంటాం. ఇకనుంచి మీరు నాకు మీరే.

ఫోన్ చేసి అడగొచ్చు. చేస్తే నేను అరుస్తాను, మీరు ఏడుస్తారు, చివరికి తప్పు నాదవుతుంది. నేను ఈ దేశం వచ్చిన ఆరేళ్ళ నుంచీ అదే వరస. అందుకే మీ నంబర్ బ్లాక్ చేసి కాగితం తీసుకున్నాను. ఇక్కడ మన తాళింపు వాసన నచ్చకపోతే పై అంతస్తు ఆయన కూడా తలుపు కొట్టడు, ఉత్తరమే రాస్తాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం అలవాటుగా టీవీలో మన రెండిళ్ళూ వాడే సీరియళ్ళ అకౌంట్ తెరిచి, అన్నయ్య పేరున్న బొమ్మ నొక్కాను. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అన్నయ్య పోయినప్పటినుంచి ప్రతి ఆదివారం నేను చేసే పని అదే. 'వెస్టా నైన్' మూడో సిరీస్‌లో, ఓడ మంచులో ఇరుక్కున్న ఎపిసోడ్ సగంలో అన్నయ్య ఆగిపోయాడు. ఆ ఎపిసోడ్ బొమ్మ కింద ఎర్ర గీత సగం దాకా వచ్చి నిలిచి ఉండేది. ఆ గీతని కాసేపు చూసి టీవీ కట్టేసేదాన్ని. ముందుకు జరపలేదు, వెనక్కి జరపలేదు. ఫోటోకి దండ వేసుకునేవాళ్ళు వేసుకుంటారు. నాకు ఆ గీత చాలు.

ఈ రోజు అది లేదు. దాని స్థానంలో మొదటి సిరీస్, మొదటి సీజన్, నాలుగో ఎపిసోడ్ ఉంది. అదీ జర్మన్ డబ్బింగ్‌లో!

కరీంనగర్‌లో మా ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తలో అన్నయ్యా నేనూ మొదలుపెట్టిన సీరియల్ అది. కరెంటు పోతే మిగతా కథ అన్నయ్య కల్పించి చెప్పేవాడు. కెప్టెన్ ఇల్వా తన అంతరిక్ష ఓడని భూమికి తిరిగి తేవాలి, అదే నాలుగు సిరీస్‌ల కథ. మేమిద్దరం రెండే చూశాం, తర్వాత చదువులు, హాస్టళ్ళు. నేను జర్మనీ వచ్చాక, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ కలిసి చూద్దామని ఒట్టు వేసుకున్నాం. ఆయన బ్రెమెన్‌లో, నేను ఇక్కడ, మధ్యలో ఫోను. ఒకరు లేకుండా ఒకరు కొత్తది ముట్టుకోకూడదు. అదీ ఒప్పందం.

ఆ ఒప్పందంలో మీరు లేరు. ఎవరినడిగి ముట్టుకున్నారు? పైగా ఏడాది తిరగలేదు. ఏటిసూతకంలో ఉన్న ఇంట్లో సీరియళ్ళా? మా అన్నయ్య చివరగా చూసిన చోటు ఈ భూమ్మీద ఒక్క దగ్గరే ఉంది. దాన్ని మీరు రిమోట్‌తో చెరిపేశారు.

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

వైశాలి


బ్రెమెన్,
17 మార్చి 2025

వైశాలికి,

ఆశీస్సులతో మొదలుపెట్టడం మా ఇంటి అలవాటు. ఈసారికి ఆ వాక్యం వదిలేస్తున్నాను, నువ్వే ఊహించుకో.

నీ ఉత్తరం ఐన్‌ష్రైబెన్‌లో వచ్చింది. పోస్టామె తలుపు కొట్టి, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చింది. ఈ దేశంలో సంతకం పెట్టి తీసుకునే ఉత్తరం అంటే ఇల్లు ఖాళీ చేయమనో, కోర్టుకు రమ్మనో. నా వీసా కాగితాలు ఇంకా ఆఫీసులోనే నలుగుతున్నాయి. భర్త పోయినదాన్ని పంపించేస్తున్నారేమో అనుకుని, స్టవ్ ఆపేసి, కుర్చీలో కూర్చుని కవరు చింపాను. తీరా చూస్తే ఆడపడుచు. ఆడబిడ్డ అర్ధమొగుడని మా అమ్మమ్మ అనేది. మా బందరులో సగంతో సరిపెట్టేవారు కాబోలు, నువ్వు ముప్పావు.

ఎవరినడిగానని కదా నీ ప్రశ్న. ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో, మా టీవీలో, నా భర్త పేరు నొక్కాను. దానికి అనుమతి కావాలని నాకు తోచలేదు.

ఎర్ర గీత సంగతి నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు. ఆరేళ్ళలో ఆ సీరియల్ గురించి నువ్వు నాతో ఒక్క ముక్క మాట్లాడింది లేదు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి మా హాలు మీ ఇద్దరిదీ అయిపోయేది. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తెరకేసి చూస్తూ నవ్వేవాడు. ఎందుకు నవ్వావంటే, "నీకు చెప్తే సమజ్ కాదులే, ముందు నుంచి సూడాలె" అనేవాడు. నేను వంటింట్లోకి వెళ్ళి పప్పు తిరగమోత పెట్టుకునేదాన్ని. పెళ్ళయిన ఇంట్లో వారానికొక పూట నేను పరాయిదాన్ని. ఆ మాట ఆయనతో అనలేదు, నీతో ఇప్పుడు అంటున్నాను.

ఇక సూతకం. దీపావళికి ప్రమిద పెట్టలేదు. సంక్రాంతికి గడప ముందు ముగ్గు లేదు. ఉగాదికి పచ్చడి చేయను. గాజుల మాట ఎత్తను. ఇవన్నీ చేసినదాన్ని, టీవీ గురించి ఏ శాస్త్రంలో రాసి ఉందో నువ్వే చూపించు. ప్రతి ఆదివారం నువ్వూ అదే టీవీ తెరుస్తున్నావని నీ ఉత్తరంలోనే ఉంది.

నేను చూస్తాను. ఎందుకో చెప్పాల్సిన అవసరం కనిపించడం లేదు.

ఇక్కడ ఇంకా గాలి. వేజర్ నది ఒడ్డున నడిస్తే చెవులు పోతున్నాయి. అక్కడ కాస్త వెచ్చబడిందని విన్నాను, సంతోషం.

సుభద్ర


కార్ల్స్‌రూహె,
28 మార్చి 2025

సుభద్రగారికి,

వంటింట్లోకి మిమ్మల్ని ఎవరూ తోయలేదు. పక్కన కూర్చుంటే సరిపోయేది. ఆ సోఫాలో ముగ్గురికి చోటుంది, కొన్నది నేనూ అన్నయ్యా కలిసి వెళ్ళే.

సరే. ఇప్పుడు నావి రెండు ప్రశ్నలు.

ఒకటి. జర్మన్ డబ్బింగ్ ఎవరికోసం? బేకరీలో రొట్టె పేరు చెప్పడానికే మీరు వేలు చూపిస్తారు. ఇంగ్లీషు మీకు బాగానే వచ్చు. మరి జర్మన్‌లో వినేది ఎవరు? అన్నయ్య కూర్చునే మూల ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు? మా అమ్మానాన్నా లేరు, మా వైపు నుంచి అడగడానికి మిగిలింది నేనొక్కదాన్ని. అందుకే అడుగుతున్నాను.

రెండు. చివరి ఆదివారం. మంచు ఎపిసోడ్ సగంలో ఉండగా ఫోను కట్ అయింది. నేను మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. స్విచాఫ్. మంగళవారం మీరు చేసిన ఫోనే ఆ తర్వాత వచ్చిన మొదటి ఫోను. అప్పటికే అన్నయ్య లేడు. ఆదివారం ఆయన బాగానే మాట్లాడాడు. "బ్లడ్ కౌంట్స్ మంచిగొస్తున్నయ్ వైశూ, డిసెంబర్‌ల ఇంటికొచ్చేస్త" అన్నాడు. ఆ ఫోను ఆపింది మీరు. ఆసుపత్రి గదిలో ఉన్నది మీరొక్కరే. మా ఇద్దరి చివరి గంటలో సగం మీరు తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఇన్ని నెలలుగా నాలో నేనే అనుకుంటున్నాను, ఈ రోజు బయటికి అనేశాను.

అకౌంట్ నా పేరు మీద ఉంది. మీ ఇంటి టీవీని దాంట్లోంచి తీసేశాను. పాస్‌వర్డ్ కూడా మార్చాను. మీరు ప్రయత్నించి శ్రమ పడకుండా ముందే చెబుతున్నాను.

వైశాలి


బ్రెమెన్,
4 మే 2025

వైశాలికి,

నీ ఉత్తరం చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టాను. నెల దాటాక తీశాను. అప్పటికీ కోపం తగ్గలేదు, కానీ చేతిరాత కుదిరింది.

ఎవరితో చూస్తున్నానని అడిగావు. నోటితో అడగడానికి సిగ్గుపడే మాట కాగితం మీద పెట్టి, స్టాంపు అంటించి పంపావు. సరే, విను. ఆయన కూర్చునే మూలలో కూర్చునే మనిషికి తొమ్మిదేళ్ళు. కోరపళ్ళు రెండు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పేరు అక్షయ. నీ మేనకోడలు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల. ఇంగ్లీషులో పెడితే సగం అర్థంకాక కాలితో సోఫాని తంతుంది. జర్మన్‌లో పెడితే నోరు తెరుచుకుని చూస్తుంది, అయిపోగానే "నోఖ్ ఐనే!" అని ఇంకోటి అడుగుతుంది. నాకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం అది చెబుతుంది. వాళ్ళ నాన్న పోయాక మా ఇంట్లో అది నాతో వరసగా పది మాటలు మాట్లాడేది ఆ సమయంలోనే.

అక్టోబర్ తర్వాత నువ్వు దానికోసం ఎన్నిసార్లు ఫోన్ చేశావో ఒకసారి గుర్తు చేసుకో. ఎర్ర గీతని ప్రతి ఆదివారం పలకరించావు, సంతోషం. గీతకి పుట్టినరోజు ఉండదు. పిల్లకి ఉంటుంది, ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది.

టీవీలోంచి మమ్మల్ని తీసేసిన రోజు అది ఏడ్చింది. అత్త తీసేసిందని చెప్పలేదు. యంత్రం చెడిపోయిందన్నాను. నీ మీద కోపం నాకుంటే చాలు, దానికెందుకు?

తర్వాతి ఆదివారం ఇద్దరం ఫ్లోమార్క్ట్‌కి వెళ్ళాం. పాత సామాన్లు పరుచుకుని అమ్ముకునే సంత, నీకు తెలుసు. అక్కడ ఒక ముసలాయన దగ్గర 'వెస్టా నైన్' మొత్తం డిస్కుల పెట్టెలు దొరికాయి, నాలుగు సిరీస్‌లూ, మధ్యలో వచ్చిన సినిమాలతో సహా. ఎందుకు అమ్ముతున్నారని అక్షయ అడిగింది. మూడుసార్లు చూశాను, నాలుగోసారికి కళ్ళు పనిచేయడం లేదు అన్నాడట. కింది ఇంటి ఆవిడ తన పాత ప్లేయర్ ఇచ్చింది. ఇప్పుడు మా చూపుకి నీ పాస్‌వర్డ్ అక్కర్లేదు. రెండో సిరీస్‌లోకి వచ్చేశాం.

చివరి ఆదివారం ఫోను సంగతి మాత్రం నన్ను అడక్కు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

మే వచ్చినా ఆవకాయ పెట్టలేదు. ఇక్కడి మామిడికాయలకి పులుపు లేదని కాదు, మనసు లేక.

సుభద్ర


కార్ల్స్‌రూహె,
25 మే 2025

సుభద్రగారికి,

అక్షయ విషయంలో నేను రాసింది తప్పు. ఆ ఒక్క విషయంలోనే. దానికి బొమ్మల పుస్తకాలు, ఒక గౌను పార్సిల్ చేశాను. పుట్టినరోజుదని చెప్పండి, ఆలస్యం పోస్టు మీదికి తోయండి.

మిగతావాటిలో నేను అంగుళం కూడా కదలను. అసలు తొమ్మిదేళ్ళ పిల్లకి రెండో సిరీస్ ఎలా చూపిస్తున్నారు? జైలు గ్రహం ఎపిసోడ్లు అందులోనే ఉన్నాయి. అవి చూసినప్పుడు నాకు పదకొండు, అయినా రెండు రాత్రులు అమ్మ పక్కన పడుకున్నాను. మీకు తెలియదు, ఎందుకంటే మీకు ఏదీ తెలియదు. ఎవరు ఎప్పుడు పోతారో, ఏ ఎపిసోడ్‌కి పిల్లని పక్క గదిలోకి పంపాలో తెలిసింది ఇద్దరికే. ఒకరు పోయారు. రెండో మనిషిని మీరు అడగలేదు.

బియ్యం డబ్బా కింద పెట్టుకున్నారు కదా, ఇది కూడా అక్కడే పెట్టుకోండి. పదేళ్ళ కాపురంలో మీరు ఆయనతో మాట్లాడింది ఏమిటి? పాలు, మీటె, అక్షయ వెళ్ళే కిటా బడి, దాని జలుబు. ఆ మీటె, అదే ఇంటి అద్దె, ఎప్పుడు కట్టాలో మీకు తెలుసు. ఆయన దేనికి భయపడేవాడో, దేనికి నవ్వేవాడో నాకు తెలుసు. ఆయన నాతోనే చూశాడు. నాతోనే ఆగాడు.

అందుకే ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. మంచు ఎపిసోడ్ దాకా చూడండి, డిస్కులు మీవి, కాదనలేను. అక్కడ ఆగండి. దాని తర్వాతవి అన్నయ్య చూడలేదు. నేనూ చూడలేదు, ఇక చూడను. ఆయన చూడనిది మీరు చూడటానికి వీల్లేదు. ఆ పెట్టె అక్కడ మూసేయండి. ఇది మిమ్మల్ని అడగడం కాదు.

ఇక ఫోను విషయం. అడుగుతున్నాను. చెప్పండి.

వైశాలి


బ్రెమెన్,
15 జూన్ 2025

వైశాలికి,

అడిగావు కదా, చెబుతున్నాను. తర్వాత నన్ను అనకు.

పోయిన ఏడాది ఆగస్టు ఆఖర్న డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, కీమో పనిచేయడం లేదని చెప్పింది. ఇక్కడివాళ్ళు మన వైపులాగ నసగరు. నెలా, నెలన్నరా అంది. గదిలోకి వచ్చాక మీ అన్నయ్య శరత్ టాబ్లెట్ తీసి, ఆ సీరియల్‌లో ఇంకా మిగిలినవి వేలితో కిందికి జరుపుకుంటూ పోయాడు. చాలాసేపు జరిపాడు. "వారానికొక్కటి అంటే కాదు సుభద్రా, టైం సాలదు" అన్నాడు.

నీతో చెప్పొద్దన్నాడు. నీకు చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడుస్తావనీ, మీ ఆదివారాలు కూడా ఆసుపత్రి అయిపోతాయనీ అన్నాడు. కౌంట్లు బాగుంటున్నాయన్న మాట ఆయన కట్టిందే. నేను కాదనలేదు, అంతే.

సోమవారం నుంచి శనివారం దాకా ఆయన ఒక్కడే చూసేవాడు. పొద్దున్న ఒకటి, మందు ఎక్కించేటప్పుడు ఒకటి, ఓపికుంటే సాయంత్రం ఇంకోటి. కూర్చోలేనప్పుడు టాబ్లెట్ నేను పట్టుకునేదాన్ని. చెయ్యి నొప్పెడితే మార్చుకునేదాన్ని. చూసినవాటి గుర్తులన్నీ తుడిచేసి, మళ్ళీ మీ పాత చోటుకి తెచ్చిపెట్టేవాడు. ఆదివారం నీతో కూర్చుని, ఎప్పుడో చూసేసిన ఎపిసోడ్‌ని కొత్తగా చూసేవాడు.

మీ అన్నయ్య మంచులో ఆగలేదు, వైశాలీ. మూడో సిరీస్ పూర్తిచేశాడు, నాలుగోది పూర్తిచేశాడు. చివరి ఎపిసోడ్ అక్టోబర్ మొదటి వారంలో, కిటికీ పక్క మంచం మీద, నా భుజానికి ఆనుకుని చూశాడు. నువ్వు కొలుచుకునే ఆ గీత ఆయన నీకోసం గీసి పెట్టింది.

ఇక ఫోను. ఆ ఆదివారం మధ్యలో ఆయనకి వాంతి వచ్చింది. రక్తం పడింది. నీకు వినపడకూడదని చేత్తో సైగ చేశాడు. నేను కట్ చేసి, స్విచాఫ్ చేసి, గిన్నె పట్టుకున్నాను. మీ గంటలో నేను తీసుకున్న సగం అది.

ఆయన చూడనిది నేను చూడకూడదన్నావు. ఆయన చూడనిది ఏమీ లేదు. ఆ పెట్టె నేను మూయను.

సుభద్ర


కార్ల్స్‌రూహె,
20 జూన్ 2025

అబద్ధం.

మూడో సిరీస్‌లో డాక్టర్ మోరెన్ చచ్చిపోయిన ఎపిసోడ్ మేం సెప్టెంబర్‌లో ఒక ఆదివారం చూశాం. ఆయన ఓడ తలుపు బయటే ఉండిపోయి, లోపలినుంచి గడియ పడగానే అన్నయ్య "అయ్యో!" అన్నాడు. ఆ అయ్యో నేను నా చెవులతో విన్నాను. తెలిసిన మనిషి అలా అనలేడు. మా అన్నయ్యకి నటన రాదు. చిన్నప్పుడు నేను అద్దం పగలగొడితే ఆయన ముఖం చూసే నాన్న కనిపెట్టేసేవాడు.

నన్ను ఏడిపించాలని రాశారు. ఏడ్చాను, సరేనా? ట్రామ్‌లో, ఆఫీసు దాకా. దిగాల్సిన చోటు దాటిపోయి చివరి స్టాపులో దిగాను.

నాకింక రాయొద్దు.

వై.


బ్రెమెన్,
31 ఆగస్టు 2025

వైశాలికి,

రాయొద్దన్నావు. రెండు నెలలు ఆగాను. ఇక ఆగను. తిథి దగ్గరికొస్తోంది, మాట తెగకుండా ఆ రోజు ఆయన పేరు చెప్పి అన్నం ముద్ద పెట్టలేను.

ఆ 'అయ్యో' అబద్ధం కాదు. కాకపోతే అది రెండోసారి అన్నది. మొదటిసారి బుధవారం అన్నాడు. గట్టిగా అనేసరికి నర్సు తలుపు తీసి చూసింది. ఆదివారం నీకు వినిపించినప్పుడు నేను మూలలో అక్షయ స్వెటర్ మడతపెడుతున్నాను. తలెత్తి చూశాను. బుధవారం ఎలా అన్నాడో అలాగే అన్నాడు, కళ్ళలో నీళ్ళతో సహా. నటన రాదన్నావు, నిజమే. తెలిసి కూడా మళ్ళీ బాధపడ్డాడు. నువ్వు పక్కన ఉన్నావు కాబట్టి.

చివరి ఎపిసోడ్ అయ్యాక ఏమన్నాడో నీకు చెప్పలేదు. అప్పుడు కోపంలో ఉన్నాను, నీకు ఆ మాట ఇవ్వబుద్ధి కాలేదు. ఇప్పుడూ కోపం పోలేదు. కానీ ఆ మాట నాది కాదు, నా దగ్గర ఉంచుకోలేను.

తెర ఆరిపోగానే నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గిసోంటి ముగింపు ఎవరన్నా పెడ్తరా? నాకైతే మస్తు నచ్చింది. వైశూ ఒప్పుకోదు సుభద్రా. సచ్చినా ఒప్పుకోదు. నెల రోజులు కొట్లాడ్తది నాతోని" అన్నాడు. ఆ నెలరోజుల పోట్లాటని తలుచుకుని సంబరపడ్డాడు. నువ్వు ఏమంటావో, దానికి తను ఏమంటాడో, రెండు వైపులా తనే వాదించుకుంటూ నాకు చెప్పాడు. మధ్యలో నిద్రపోయాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇల్వా ఎవరో, మోరెన్ ఎవరో, ఆ ఇల్వా ఎందుకు తిరిగి వచ్చిందో తెలియదు. ఊ కొట్టాను. పదేళ్ళు కాపురం చేసిన మనిషి చివరగా అంత ఇష్టంగా చెప్పిన కబురుకి నేను ఊ మాత్రమే కొట్టాను. ఆ పోట్లాట జరగలేదు. నువ్వు ఆ ముగింపు చూసేదాకా ఆయన లేడు.

ఎందుకు చూస్తున్నానో చెప్పనని మార్చిలో రాశాను కదా. ఇందుకు. ఏదో ఒక రోజు నువ్వు ఆ ముగింపు చూస్తావు, ఒళ్ళు మండుతుంది, పోట్లాడటానికి ఎదుట ఎవరూ ఉండరు. ఏమీ తెలియకుండా నేను నిలబడితే నన్ను రెండు మాటల్లో పడేస్తావు. నీ నోరు నాకు తెలుసు. అందుకే పక్కాగా, ఒక్కటి వదలకుండా, సినిమాలతో సహా చూసుకుంటూ వచ్చాను. జైలు గ్రహం ఎపిసోడ్లకి అక్షయని కింది ఇంటికి పంపాను. నువ్వు రాసినందుకే.

పోయిన వారం పూర్తయింది. నాకూ నచ్చింది ఆ ముగింపు. ఆయన చెప్పిన వాదన ఇప్పుడు అర్థమైంది. ఆయన వైపు నుంచి మాట్లాడటానికి నేను సిద్ధంగా ఉన్నాను.

మూడో సిరీస్‌లో మిగిలినవీ, నాలుగో సిరీస్ మొత్తం, ఈ పార్సిల్‌లో పెడుతున్నాను. డిస్కులో ఇంగ్లీషు కూడా ఉంది. మంచు ఎపిసోడ్ సగం నుంచి మొదలుపెట్టు. చూడకపోతే చూడకు, తిరిగి పంపొద్దు.

తిథి సెప్టెంబర్ ఇరవై ఏడు, శనివారం పడింది. హాంబర్గ్ నుంచి పంతులుగారు వస్తానన్నారు. నిన్ను పిలవడం లేదు. అన్నగారి తిథికి చెల్లెల్ని పిలిచేదేమిటి?

సుభద్ర


కార్ల్స్‌రూహె,
21 సెప్టెంబర్ 2025

వదినా,

చూశాను. సెలవు పెట్టి, తలుపేసుకుని, పెరుగన్నం తింటూ మొత్తం చూశాను. మంచు ఎపిసోడ్ రెండో సగం మొదలుపెట్టడానికే మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆగలేదు.

ముందు అన్నయ్య సంగతి. ఇన్నాళ్ళూ నీ మీద కోపం అనుకున్నాను. కాదు. ఆయన మీదే. చచ్చిపోతున్నానని నాకు చెప్పకుండా, మందు గొట్టం చేతికి పెట్టుకుని, చూసిందే మళ్ళీ చూస్తూ నాకోసం అయ్యో అన్నాడు. ఒట్టు తప్పాడు. నన్ను రానివ్వలేదు. నేను వచ్చి ఏడిస్తే ఏమయ్యేది? నాకు ఏడ్చే హక్కు లేదా? నువ్వు గిన్నె పట్టుకున్నావు, టాబ్లెట్ పట్టుకున్నావు. నాకు డిసెంబర్ ఇచ్చాడు, రాని డిసెంబర్. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని, తర్వాత కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. నీకు నేను చేసినవీ, రాసినవీ ఎదురుగా మాట్లాడదాం, కాగితం మీద నాకు చాతకాదు.

ఇక ముగింపు. ఘోరం వదినా. చండాలం. నాలుగు సిరీస్‌లు, అన్ని గ్రహాలు, మోరెన్ చావు, అన్నీ దాటుకుని ఆవిడ భూమ్మీద దిగుతుంది. ఎవరూ రారు. ఒక్కరు రారు. ఎవరికీ గుర్తులేదు. ఆవిడ సంచి భుజాన వేసుకుని బస్సు కోసం వరసలో నిలబడుతుంది. అయిపోయింది! ముందున్న మనిషి కాస్త జరిగి చోటిస్తాడు, దానికే ఆవిడ ముఖం వెలిగిపోతుంది. ఇదా మీ ఇద్దరికీ నచ్చింది? అన్నయ్య ఏమంటాడో నాకు తెలుసు. "ఇంటికొచ్చిందంటే గదే కదనే, మామూలు మనిషి అయింది" అంటాడు. తప్పు. ఇంటికి రావడం అంటే అది కాదు. ఎదురుచూసే మనిషి ఒకరు ఉండాలి. తిట్టడానికైనా ఉండాలి. నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. మూడో సిరీస్‌లోనే ఆ ముగింపు చెల్లదని రుజువు చేసే ఎపిసోడ్లు పట్టుకున్నాను. నువ్వు బాగా చదువుకుని ఉండు, నేను వదలను. ఆయన వైపు మాట్లాడతానన్నావు, చూద్దాం ఎంతసేపు నిలబడతావో.

అక్షయకి చెప్పు, అత్త జర్మన్‌లోనే మాట్లాడుతుంది, కాకపోతే తిట్లు తెలుగులో తిడుతుంది.

శుక్రవారం సాయంత్రం బండికి టికెట్ తీసుకున్నాను. ఇల్లు నాకు తెలుసు, ట్రామ్ ఎక్కడం వచ్చు. అయినా నువ్వు స్టేషన్‌కి రా. పిల్లని కూడా తీసుకురా. ప్లాట్‌ఫారం మీదికే రావాలి, బయట ఆగడం కాదు. బండి ఎలాగూ లేటవుతుంది, స్వెటర్ వేసుకుని నిలబడు.

వైశూ